లోపల చెయ్యి పెట్టి చూడు

చెప్పుల షెడ్డు, కిటికీ పక్క స్టూలు
జూన్ 3

తమ్ముడికి అక్కయ్య దీవెనలు.

ముప్పై రెండు సంఘాలకు పెద్ద అయ్యగారివయ్యావు, నువ్వు లోపలికి వస్తుంటే జనం లేచి నిలబడతారు, అన్నీ తెలుసు. నేను మాత్రం నా స్టూలు మీద కూర్చునే మాట్లాడతాను. నీ ముక్కు తుడిచిన చేతులివి.

ఫోను చెయ్యచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు "ప్రార్థనలో పెడదాం అక్కయ్యా" అని పెట్టేస్తావు. కాగితమైతే నీ బల్ల మీద పడి ఉంటుంది, నిన్ను చూస్తూ ఉంటుంది.

నాకు అక్షరం ముక్క రాదు కదా, రాసిపెడుతున్నది మా కింది వాటా గుమాస్తా గారు. కోర్టులో ముప్పై ఏళ్లు టైపు కొట్టి రిటైరయ్యారు. నాకు అన్యాయం జరిగింది రాయండి అంటే ఆయన "ఫిర్యాది సవినయముగా తెలియజేయునది ఏమనగా" అని ఎత్తుకున్నారు. సవినయం ఎక్కడుంది నాలో, కొట్టేయండి అన్నాను. (కొట్టేశాను. ఇకపై ఆవిడ చెప్పింది చెప్పినట్టే. గుమాస్తా.)

ఇక సంగతి విను. ఆగస్టు మొదటి ఆదివారం మా గుడిలో సేవకుల ప్రతిష్ఠ. నువ్వే వచ్చి జరిపిస్తావు. దేవుని పనికి వెళ్లేవాళ్లను ముందుకు పిలిచి, తల మీద చేతులుంచి, ప్రార్థన చేసి పంపుతావు. పోయిన ఏడు పిల్లలకు పాఠాలు చెప్పే టీచరమ్మలు వెళ్లారు, పాటల బృందం వెళ్లింది, సువార్తకు బయలుదేరిన దంపతులు వెళ్లారు. నేను వెనక బెంచీలో కూర్చుని చప్పట్లు కొట్టాను. ఈ ఏడు నా పేరు కూడా రాసుకోమని సంఘం సెక్రటరీ దగ్గరికి వెళ్లాను.

"ఏం సేవమ్మా?" అన్నాడు.

"బూట్లలో చెయ్యి పెట్టే సేవ."

పెన్ను కింద పెట్టేశాడు. "అది ఉద్యోగం కదమ్మా. ఇది సేవ."

"తేడా ఏమిటి బాబూ?"

"ఉద్యోగం పొట్ట కోసం. సేవ ప్రభువు కోసం."

"మరి ఈ పొట్ట ఇచ్చిందెవరు, మీ మావయ్యా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. అతనికి కోపం వచ్చింది. సరే, ఫారం మీద సంతకం పెట్టమన్నాడు. బొటనవేలు సిరాలో ముంచి అద్దాను. దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, "ఇందులో ఒక్క గీత కూడా పడలేదమ్మా, మరకలా ఉంది, ఇలాంటిది ఫైల్లో పెట్టలేను" అన్నాడు. ఫారం మడిచి నా చేతికే ఇచ్చేశాడు.

నువ్వు నా షెడ్డుకు ఎప్పుడూ రాలేదు కనక చెబుతున్నాను. ఇక్కడ తయారయ్యేవి బజారు బూట్లు కావు. కాళ్లలో స్పర్శ పోయినవాళ్లవి. కొందరికి షుగరు వల్ల పోతుంది, కొందరికి వేరే జబ్బుల వల్ల. వాళ్లకు ముల్లు గుచ్చుకున్నా తెలియదు, నిప్పు తొక్కినా తెలియదు. తెలియదు కనక దాని మీదే నడుస్తారు. పుండు పడుతుంది, ఎముక దాకా పోతుంది, ఒకరోజు డాక్టరు కాలు తీసేయాలంటాడు.

చెక్క అచ్చు మీద తోలు సాగదీసి బిగించడానికి మా మేకుల మావయ్య చిన్న చిన్న మేకులు కొడతాడు. జిగురు ఆరాక పీకేస్తాడు. పదహారు కొడితే పదహారూ పీకాలి. పదిహేను పీకి "అయిపోయింది" అన్నాడనుకో, ఆ పదహారోది ఎక్కడుంటుంది? బూటు లోపల, ఎవరి కళ్లూ పడని చోట, వాళ్ల మడమ కోసం కాచుకుని ఉంటుంది. నా స్టూలు అక్కడ మొదలవుతుంది. కళ్లు మూసుకుని చెయ్యి లోపలికి పోనిస్తాను, కాలు ఎలా దిగుతుందో అలాగే. బొటనవేలి చోటు, మడమ గుంట, పక్కల కుట్లు, ముడులు, అన్నీ తడుముతాను. వాళ్ల కాలికి లేని నొప్పి నా వేలికి ఉంది. ముప్పై ఏడేళ్లుగా ఇదే నా పని. నా చెయ్యి వెళ్లి రాని జత ఈ షెడ్డు గడప దాటలేదు.

ప్రభువు వడ్రంగి షెడ్డులో ఎన్నేళ్లున్నాడు, ఊళ్లు తిరిగి బోధించింది ఎన్నేళ్లు? నువ్వు చదువుకున్నవాడివి, నువ్వే చెప్పు. ఎవరికో బల్ల చేస్తూ, "తరువాత లోకాన్ని రక్షించే పని ఉంది, ఈ బల్ల కాలు కాస్త వంకర పోయినా ఫరవాలేదు" అనుకుని ఉంటాడా? ఆ బల్ల ఊగి ఉండదు తమ్ముడూ. నా ప్రాణం పెట్టి చెబుతాను, ఊగి ఉండదు.

నాకు తీర్పు కావాలి. నా పని దేవుని పనా కాదా? నాకిప్పుడు డెబ్బై ఒకటి. వచ్చే ఏడు ఈ స్టూలు మీద నేనుంటానో లేదో. నీ చేతులు నా తల మీద పడాలి, అదీ నా పని పేరు బయటికి చెప్పి. పాపం ముసలిది, ఒక ప్రార్థన చేసి పంపేద్దాం అనుకుంటే రాకు.

నీ అక్కయ్య
(వేలిముద్ర. మరకలా ఉన్నమాట నిజమే. గుమాస్తా.)


పెద్ద అయ్యగారి నివాసం, మేడ మీది గది
జూన్ 14

ప్రభువునందు ప్రియమైన అక్కయ్యకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండుసార్లు నవ్వాను. గుమాస్తా గారికి నా నమస్కారాలు, నిన్ను రాసిపెట్టడం అంత తేలిక కాదని నాకు తెలుసు.

అక్కయ్యా, నీ పని మంచి పని. అందులో సందేహం లేదు. ఏ పని చేసినా నమ్మకంగా చెయ్యమని నేనే ఎన్నో గుళ్లలో బోధించాను. అయితే మంచి పని వేరు, పిలుపు వేరు. సెక్రటరీ గారు కాస్త దురుసుగా మాట్లాడి ఉండవచ్చు గాని ఆయన చెప్పిన విషయంలో తప్పు లేదు. ఈ రోజు నిన్ను పిలిస్తే రేపు డ్రైవరు వస్తాడు, ఎల్లుండి వంటమనిషి వస్తుంది. ఇక పిలవకుండా మిగిలేదెవరు?

తేడా ఎక్కడుందో నా అనుభవంతో చెబుతాను. నీ పనిలో నువ్వు చేతి మీద, మేకు మీద, కుట్టు మీద మనసు పెట్టాలి. సేవలో మనిషి తన్ను తానే మరిచిపోతాడు. మే నెలలో ఒకరోజు ఒక కుటుంబాన్ని ఓదార్చి, మిట్టమధ్యాహ్నం బస్సు దిగి ఇంటికి నడిచి వచ్చాను. తారు రోడ్డు కరుగుతోంది. దారి పొడుగునా వాళ్ల కోసం ప్రార్థిస్తూనే ఉన్నాను. గేటు దగ్గర కావలి ఆయన నా వైపు వింతగా చూసి, "అయ్యగారూ, రెండో చెప్పేదండీ?" అన్నాడు. చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో, ఎంత దూరం అలా నడిచానో తెలియదు. కాలికి వేడి కూడా తెలియలేదు అక్కయ్యా. మనసు ప్రభువులో మునిగితే శరీరం ఎంత దూరమవుతుందో ఆ రోజు అర్థమైంది.

ఈ సాక్ష్యం మూడు సంఘాల్లో చెప్పాను. కళ్లు తుడుచుకోని వాళ్లు లేరు. నేను చెప్పే తేడా అదే. నొచ్చుకోకు. ఆగస్టులో వచ్చినప్పుడు మీ ఇంట్లోనే నీ కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేస్తాను.

నీ తమ్ముడు


చెప్పుల షెడ్డు
జూన్ 18

తమ్ముడూ,

గుమాస్తా గారు నీ ఉత్తరం చదువుతూ చెప్పు దగ్గరికి వచ్చేసరికి నేను లేచి నిలబడ్డాను. స్టూలు వెనక్కి పడింది. ఆయన ఇంకా చదువుతూనే ఉన్నారు. ఆపండి, ఆ ముక్క మళ్లీ చదవండి అన్నాను. నాలుగుసార్లు చదివించాను.

నా తగువు సంగతి పక్కన పెట్టు. పక్కన పెట్టమన్నాను, పారేయమనలేదు. ముందు నేనడిగే వాటికి జవాబు చెప్పు.

పొద్దున్న లేచి నేల మీద కాలు పెడితే నేల తెలుస్తోందా, లేక మధ్యలో ఏదో మెత్త పరిచినట్టు ఉంటోందా? రాత్రిపూట అరికాళ్లు మండుతున్నాయా? షుగరుందని నాలుగేళ్ల క్రితం ఎవరో చెబితే విన్నాను, నువ్వు చెప్పలేదు. మందులు వేసుకుంటున్నావా, ఉపవాసాలని చెప్పి ఎగ్గొడుతున్నావా? మరదలు బతికుంటే ఇవన్నీ ఆవిడ చూసుకునేది. ఇప్పుడు నీ కాళ్లు చూసేవాళ్లెవరు?

కరిగే తారు మీద వట్టి కాలితో నడిచి తెలియలేదంటే అది భక్తి కాదురా చిన్నోడా. నా దగ్గరికి వచ్చేవాళ్లందరూ అలాగే మొదలవుతారు. "చెప్పు జారిపోయింది, చూసుకోలేదు." రాళ్లు కొట్టేవాడూ ఆ మాటే అన్నాడు, బడి ఆయా ఆ మాటే అంది. వాళ్లెవరూ ప్రభువులో మునిగి లేరు. వాళ్ల కాళ్లు చచ్చిపోయాయి, అంతే.

ఈ ఉత్తరం చదవగానే చెయ్యాల్సింది చెబుతున్నాను. కుర్చీలో కూర్చో. నేల మీద అద్దం పెట్టు. కాలు దాని మీదకు ఎత్తి పట్టుకుని అరికాలు చూడు. వేళ్ల సందులు చూడు. ఎడమది, తరువాత కుడిది. చూసి, ఏం కనపడిందో కనపడినట్టు రాయి. వాక్యాలు వద్దు.

అక్కయ్య

(అయ్యగారూ, ఆవిడ ఇవాళ చెప్పిన వేగానికి నా చెయ్యి అందుకోలేదు. రెండు చోట్ల తిట్లు వదిలేశాను. గుమాస్తా.)


పెద్ద అయ్యగారి నివాసం
జూలై 1

ప్రియమైన అక్కయ్యకు వందనాలు.

ఆలస్యానికి క్షమించు. వరుసగా కూడికలు, ఊపిరి సలపలేదు. నీ ప్రేమ నాకు తెలుసు. ముప్పై ఏడేళ్లు రోగుల మధ్య ఉన్నదానివి, నీకు ప్రతి కాలూ రోగి కాలులాగే కనిపిస్తుంది. నేను బాగానే ఉన్నాను. వయసుతో కాస్త తిమ్మిరి అందరికీ ఉండేదే.

సంఘం పెద్దలతో నీ విషయం మాట్లాడాను. ఉన్న పద్ధతే కొనసాగాలని అందరి అభిప్రాయం. నాదీ అదే. ఇంతటితో దీన్ని వదిలేద్దాం.

ఒక సంతోషకరమైన విషయం. నా చెప్పు సాక్ష్యం విన్న ఇక్కడి సంఘం వారు కదిలిపోయి, అందరూ కలిసి నాకు కొత్త బూట్లు కానుకగా ఇచ్చారు. నల్లటి తోలువి, మొహం చూసుకోవచ్చు, అంత మెరుపు. వేదిక మీదికి పిలిచి మరీ తొడిగారు. తొమ్మిది రోజులుగా ఎక్కడికి వెళ్లినా అవే. గంటల తరబడి నిలబడి ప్రసంగించినా అలసట లేదు. అసలు వేసుకున్నట్టే ఉండదు అక్కయ్యా, అంత హాయిగా ఉన్నాయి. నీలాంటి వాళ్లెవరో ప్రేమగా చేసి ఉంటారు.

నీ తమ్ముడు


చెప్పుల షెడ్డు
జూలై 4, మధ్యాహ్నం అన్నాలు తినకముందే

తమ్ముడూ,

అద్దం గురించి ఒక్క ముక్క రాయలేదు నువ్వు. నువ్వు రాయనిది గుమాస్తా గారు చదవలేరు గాని నేను విన్నాను.

ఫోను చేయించాను. ఎవరో ఎత్తి "అయ్యగారు ప్రార్థనలో ఉన్నారు" అన్నారు. మళ్లీ చేయించాను, ఇంకా ప్రార్థనలోనే ఉన్నావట. అందుకని ఇది అర్జెంటు పోస్టులో వస్తోంది.

కొత్త తోలు బూట్లు తొమ్మిది రోజులు వేసుకుంటే ఎవరికైనా మడమ కొరుకుతుంది, చిటికెనవేలు బొబ్బలెక్కుతుంది, మూడో రోజు కుంటుతారు. అది లక్షణమైన కాలు. నీకు వేసుకున్నట్టే లేదా? ఆ మాట విని మేకుల మావయ్య సుత్తి కింద పెట్టేశాడు. ఆయన సుత్తి కింద పెట్టడం నేను చూసింది రెండోసారి.

మొదటిసారి ఎప్పుడో చెబుతాను. ఇది నేనెవరికీ చెప్పలేదు, నీకూ చెప్పలేదు. పనిలో చేరిన మూడో ఏడు. అప్పట్లో నేను పాడుకుంటూ పని చేసేదాన్ని, గుడి పాటలే, గొంతెత్తి. షెడ్డు అంతా మెచ్చుకునేవాళ్లు. పాట దేవుడికి, చెయ్యి బూటుకి అనుకునేదాన్ని. ఒకరోజు పాటలో లీనమైపోయాను, కళ్లలో నీళ్లు, ఎంత ఆనందంగా ఉందో. చెయ్యి మటుకు మడమ గుంట దాకా వెళ్లలేదు. ఆ జత వెళ్లిపోయింది. రెండు నెలలకు తిరిగి వచ్చింది, లోపల ఒక మేకు. వేసుకున్నావిడ బట్టలుతికి బతికేది. మూడు వేళ్లు తీసేశారు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. "మళ్లీ చేసిపెడతావా అమ్మా, ఈసారి మూడు వేళ్లు తక్కువకి" అని అడిగింది.

ఆ రోజు నుంచి పని దగ్గర పాడను. దేవుడి మీద కోపమొచ్చి కాదు. పాట వినడానికి ఆయన దగ్గర దూతలున్నారు. ఆ బూటు మడమ గుంటలోకి వెళ్లడానికి ఆయనకున్నది నా చెయ్యి. నేనక్కడ లేకపోతే ఆయన తరపున అక్కడ ఎవరూ లేరు. నువ్వు చెప్పిన మైమరుపు నాకు తెలుసు తమ్ముడూ. నాకది మహా తియ్యగా ఉండింది. దాని ఖరీదు ఇంకొకావిడ మూడు వేళ్లు.

ఇప్పుడు లే. ఆ మెరిసే బూట్లు తెచ్చుకో. కళ్లు మూసుకుని రెండింటిలోనూ చెయ్యి పెట్టు. చివరి దాకా పోనియ్యి, మడమ గుంటలో వేలు నొక్కు. తరువాత అద్దం.

అక్కయ్య


ఆసుపత్రి, రెండో అంతస్తు, తలుపు పక్క మంచం
జూలై 12

అక్కయ్యా,

ఎడమ బూటు. మడమ దగ్గర. వేలికి గుచ్చుకుని రక్తం వచ్చింది.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నా గదిలో నలుగురు పెద్దలున్నారు. మళ్లీ మా అక్కయ్య అని నవ్వుతూ వాళ్లకు వినిపించాను. వినిపిస్తూ వినిపిస్తూ బట్టలుతికే ఆవిడ దగ్గర ఆగిపోయాను. నవ్వు పోయింది. వాళ్ల ముందే బూటు విప్పి చెయ్యి పెట్టాను. మేకు మొన లోపలి అట్టలోంచి గోరంత పైకి లేచి ఉంది. మేజోడు విప్పబోతే రాలేదు, మడమకు అతుక్కుపోయి ఉంది. అద్దం అక్కర్లేకపోయింది. వాసనే చెప్పింది.

పదిహేను రోజులు ఆ మేకు మీద నిలబడి ప్రసంగించాను అక్కయ్యా. ఒకరోజు నా అంశం మెలకువగా ఉండడం గురించి.

డాక్టరమ్మ శుభ్రం చేసి కట్టు కట్టింది. ఇంకో పది రోజులైతే ఎముకకు పట్టేదట, అప్పుడు తన చేతిలో ఏమీ ఉండేది కాదంది. కాలు దక్కింది. ఆరు వారాలు కింద పెట్టకూడదు. షుగరు మందులు మూడు నెలలుగా సరిగా వేసుకోవడం లేదని ఒప్పుకున్నాను. నువ్వు తిడతావని నీకు చెప్పలేదు. ఆ కారణం చెబితే ఆవిడ కూడా తిట్టింది.

తరువాత చీటీ రాస్తూ, "ఇక మామూలు చెప్పులు పనికిరావు, ఒక షెడ్డు ఉంది, అక్కడ చేయించుకోండి" అంది. పేరు చూశాను. మీదే. "అక్కడ ఒక ముసలావిడ ఉంటుందట, నేను చూడలేదు. ఆవిడ చెయ్యి పెట్టి చూడందే ఏదీ బయటికి రానివ్వదని చెబుతారు. నేను పంపినవాళ్లలో ఆ బూట్ల వల్ల పుండు పడి తిరిగొచ్చినవాళ్లు ఒక్కరూ లేరు" అంది. నేను మా అక్కయ్యే అనబోయాను. చీటీ అడ్డం పెట్టుకుని కళ్లు తుడుచుకున్నాను. మంచినీళ్లు కావాలా అని అడిగింది.

రోజూ పొద్దున్న ఒక నర్సు వచ్చి నా కాలు కడుగుతుంది. గిన్నె, తువ్వాలు, గోరువెచ్చని నీళ్లు. ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన ఘట్టం మీద నేనెన్ని ప్రసంగాలు చేశానో లెక్క లేదు. అన్నీ కడిగే ఆయన వైపు నుంచే చేశాను. మంచం మీద కాలు చాపుకుని పడుకుంటే తెలిసింది, ఆ అమ్మాయి ఒక వేలి సందు వదిలేస్తే నేనేమవుతానో. ఆమెనెప్పుడైనా ముందుకు పిలిచామా? ఆమె మన సంఘమేనట. వెనక బెంచీ.

నీ ఫిర్యాదు మీద తీర్పు: అంగీకరించబడింది. గుమాస్తా గారిని సరైన భాషలో రాసుకోమను. సెక్రటరీకి వేరే రాశాను. ప్రతిష్ఠ సెప్టెంబరు ఆఖరి ఆదివారానికి మార్చాను. నిన్నొక్కదాన్నే కాదు, చేతితో పని చేసే ప్రతివాళ్లనీ వాళ్ల పని పేరు చెప్పి పిలుస్తాను. "ఇక మిగిలేదెవరు" అని అడిగాను నిన్ను. ఎవరూ మిగలకూడదు. అది నాకు తట్టలేదు.

కాలు కొలత ఇందులో పెట్టాను, నర్సు గీసింది. చేసిపెడతావా?

నీ తమ్ముడు


చెప్పుల షెడ్డు
సెప్టెంబరు 17

తమ్ముడికి,

బూట్లు పార్శిలులో వస్తున్నాయి. ఈ ఉత్తరం పెట్టెలో పైనే ఉంటుంది. ముందు ఇది చదువు, తరువాత తొడుక్కో.

నీ కాలి బొమ్మ వచ్చిన రోజు షెడ్డులో పని ఆగింది. అందరూ చుట్టూ మూగారు. ఏమిటీ, పెద్ద అయ్యగారి కాలు ఇంత వెడల్పా అన్నాడు తోలు కోసే అతను. చిన్నప్పుడు అది నా అరచేతిలో పట్టేది అన్నాను. మేకుల మావయ్య నేనే చేస్తానని పట్టుబట్టాడు. ఒక్క మేకు కూడా లేకుండా, దారంతో, జిగురుతోనే చేశాడు. మేకు కొట్టని ఆ నాలుగు రోజులూ మనిషి ఉపవాసం ఉన్నట్టు నీరసంగా తిరిగాడు.

ఆదివారం ఆయన్ని కూడా రమ్మన్నాను. ఆయన గుడి మొహం చూసి పన్నెండేళ్లయింది.

"నేనొస్తే బాగుంటుందా? మేకులు కొట్టేవాణ్ణి. మీ గుడిలో మేకులు కొట్టినవాళ్లకి మంచి పేరు లేదు" అన్నాడు.

"వాళ్లు కొట్టి పోయారు. నువ్వు కొట్టినవన్నీ పీకుతావు. స్నానం చేసి రా" అన్నాను.

వస్తానన్నాడు. బస్సు డ్రైవరు వస్తున్నాడు, ఆసుపత్రి వంటావిడ వస్తోంది, కాలవలు శుభ్రం చేసే అక్కాచెల్లెళ్లు వస్తున్నారు. సెక్రటరీ నిన్న షెడ్డుకే వచ్చాడు, పేర్ల కాగితం పట్టుకుని. కూర్చోమని ఒక జత చేతికిచ్చి లోపల చూడమన్నాను. చూసి బాగుందన్నాడు. కళ్లతో కాదు బాబూ, చెయ్యి పెట్టు అన్నాను. పెట్టాడు. చాలాసేపు పెట్టాడు. చివర్న ఒక దారం ముడి దొరికింది అతనికి. ఎంత సంతోషపడ్డాడో, చిన్నపిల్లాడిలా అందరికీ చూపించాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఇన్నాళ్లూ కాగితం తప్ప ఏమీ తడమలేదు, అంతే.

నీ బూట్లు నేను మూడుసార్లు చూశాను. అందరివీ ఒకసారే చూస్తాను. ఇది పక్షపాతమే, ప్రభువుకు ఒప్పుకున్నాను.

ఇక నీ వంతు. రోజూ పొద్దున్న తొడుక్కునే ముందు నీ చెయ్యి లోపల పెట్టి చూసుకోవాలి. మేకు ఉంటుందని కాదు, రాయి దూరుతుంది, తోలు బీట పడుతుంది, లోపలి అట్ట ముడుచుకుంటుంది. నేను ముప్పై ఏడేళ్లు చేసింది నువ్వు రోజుకొకసారి చెయ్యి. అప్పుడు కళ్లు మూసుకో. ఎవరో చూస్తారని కాదు, కళ్లు మూసుకుంటే వేళ్లకు బాగా తెలుస్తుంది కనక. ఆ పూట నీ మొదటి ప్రార్థన అదే. నోటితో ఏమీ అనక్కర్లేదు.

ఆదివారం చూద్దాం.

అక్కయ్య

(అయ్యగారూ, ఇకనుంచి రాసేది ఆవిడ చెప్పింది కాదు. చదవలేరు కనక ఆవిడకు తెలియదు.

మీ ఆసుపత్రి ఉత్తరం నేను చదివి వినిపించినప్పుడు ఆవిడ ఏడవలేదు, గెలిచానని అనలేదు. లేచి చేతులు కడుక్కుని వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. ఎదురుగా ఉన్న జత తీసుకుని చెయ్యి లోపల పెట్టారు. అది ఎవరిదో పేరు కూడా తెలియని మనిషిది. ఆ సాయంత్రం అరవై జతలు చూశారు.

ముప్పై ఏళ్లు కోర్టులో ఎందరివో వాంగ్మూలాలు టైపు కొట్టాను. కొట్టింది ఒక్కసారి కూడా వాళ్లకు తిరిగి చదివి వినిపించలేదు. నా పని కొట్టడమే అనుకున్నాను. ఈ మధ్య ఆవిడ ఉత్తరాలు రెండుసార్లు చదివి వినిపించి గాని మడవడం లేదు. నాకు గుడికి వచ్చే అలవాటు లేదు. ఆదివారం వెనక నిలబడవచ్చా?

కింద ఉన్నది ఆవిడ వేలిముద్ర. ఇందులో గీతలు ఎందుకు లేవో ఇప్పుడు మీకు తెలుసు. బూట్ల లోపల అరిగిపోయాయి. కోర్టులో ఇది చెల్లదు.)


పెద్ద అయ్యగారి నివాసం
అక్టోబరు 2

అక్కయ్యా,

గుమాస్తా గారు వెనక నిలబడలేదని నువ్వే చూశావు. మేకుల మావయ్య ఆయన్ని జబ్బ పట్టుకుని ముందుకు లాక్కొచ్చాడు. "ఇతరుల మాటలు రాసిపెట్టేవారు" అని పిలిచాను. ఆయన తలెత్తలేదు.

నీ ముందుకు వచ్చినప్పుడు తల వంచుతావనుకున్నాను. చేతులు చాచావు. ఏళ్ల తరబడి ఎందరి తలల మీదో చేతులుంచాను, చేతుల మీద చేతులు ఎలా పెట్టాలో తెలియలేదు. పెట్టాక తెలిసింది, నీ వేళ్ల చివర్లు ఎంత నున్నగా ఉన్నాయో. సిద్ధం చేసుకున్న ప్రార్థన మరిచిపోయాను. "కానియ్యి, వెనక వంటావిడ ఉంది, అవతల గంజి మాడిపోతుంది" అన్నావు. మైకులో అందరికీ వినపడింది.

నీ దగ్గర మళ్లీ అడిగి తీసుకున్న ఆ వేలిముద్ర ఫారం ఫైల్లో మొదటి కాగితంగా పెట్టానని సెక్రటరీ చెప్పమన్నారు.

ఈ రోజు దూరపు సంఘానికి వెళ్లాలి, బస్సు ఎనిమిదింటికి. లేచి, మందు వేసుకుని, మంచం మీద కూర్చుని బూట్లు ఒళ్లో పెట్టుకున్నాను. కళ్లు మూసుకుని ఎడమ దానిలో చెయ్యి పెట్టాను. వేళ్ల చోటు, పక్కలు, మడమ గుంట. తరువాత కుడిది. అక్కడంతా నీ చెయ్యి ముందే వెళ్లి వచ్చింది.

ఏమీ తగల్లేదు. తొడుక్కున్నాను.

నీ తమ్ముడు